రీబిల్డబుల్ అటామైజర్‌లో కాయిల్ ఆలస్యంగా వేడెక్కుతుంటే: కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి

రీబిల్డబుల్ అటామైజర్ అంటే ఈ-సిగరెట్‌లో కాయిల్‌ను, దూదిని మనమే అమర్చుకునే భాగం. దూది పీల్చుకున్న ద్రవాన్ని కాయిల్ వేడి చేసి ఆవిరిగా మారుస్తుంది, బ్యాటరీ, బటన్ ఉండే భాగాన్ని మోడ్ అంటారు. బటన్ నొక్కిన తరువాత ఆవిరి రావడానికి రెండు సెకన్లకు పైగా పడుతోందని, కొత్తలో ఇలా లేదని, ఏం చేయాలని అడిగేవారు చాలామంది. వారిలో ఎక్కువమంది అప్పటికే వాట్లు పెంచి చూసి ఉంటారు. దానితో ఆలస్యం కొంత తగ్గుతుంది కానీ దూది మాడడం మొదలవుతుంది, అసలు లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కాయిల్ మందకొడిగా వేడెక్కడానికి మూలకారణాలు రెండే. కాయిల్‌కు చేరవలసిన విద్యుత్తు పూర్తిగా చేరకపోవడం మొదటిది. విద్యుత్తు సరిగానే చేరుతున్నా, దానితో వేడి చేయవలసిన లోహమూ ద్రవమూ మరీ ఎక్కువగా ఉండడం రెండవది. ఈ మార్గదర్శిలోని వరుస అంతా ఈ రెండింటినీ వేరు చేయడానికే కాబట్టి, 2వ మెట్టు చెప్పినప్పుడు తప్ప మెట్లు దాటవేయకుండా ఒకదాని తరువాత ఒకటిగా చేయండి. వాట్లు పెంచడం చివరి మెట్టు.

## 1. సిద్ధం చేసుకోవలసినవి

- ఓమ్ మీటర్, లేదా నిరోధాన్ని రెండు దశాంశ స్థానాల వరకు చూపే రెగ్యులేటెడ్ మోడ్ (లోపలి సర్క్యూట్‌తో వాట్లను నియంత్రించే రకం)
- స్క్రూ తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేదా అలెన్ కీ
- సెరామిక్ కొసలున్న ట్వీజర్, తీగను మొదలంటా కత్తిరించే నిప్పర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, పొడి గుడ్డ
- కొత్త దూది, కాయిల్ లోపలి వ్యాసానికి సరిపోయే కడ్డీ
- పూర్తిగా చార్జ్ చేసిన, పై తొడుగు ఎక్కడా చిరగని బ్యాటరీ

మామూలు మల్టీమీటర్‌ను ఈ పనికి నమ్మకండి. దాని తీగల నిరోధమే 0.1 ఓమ్ లేదా అంతకు పైన ఉంటుంది. కాయిల్ మొత్తం నిరోధం 0.3 ఓమ్ ఉన్నచోట అలాంటి కొలతకు విలువ లేదు.

స్క్రూలు బిగించేటప్పుడు, కాయిల్‌ను ట్వీజర్‌తో నొక్కేటప్పుడు అటామైజర్‌ను మోడ్ నుంచి విడదీయండి, లేదా మోడ్‌ను పూర్తిగా ఆపివేయండి. నికొటిన్ ఉన్న ద్రవం చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి చేతొడుగులు వేసుకోండి, సీసాను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనిచోట పెట్టండి. ఆల్కహాల్‌తో తుడిచిన డెక్ (అటామైజర్‌లో కాయిల్‌ను బిగించే వేదిక) పూర్తిగా ఆరకముందే బటన్ నొక్కితే ఆ ఆవిరి అంటుకుంటుందని మరచిపోకండి.

## 2. లోపమా, కట్టిన తీరా?

ఏ భాగాన్నీ విప్పకముందే ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఎప్పటి నుంచి? కాయిల్ కట్టిన మొదటి రోజు నుంచీ ఇలాగే ఉంటే అది కట్టిన తీరుకు సంబంధించినది, తీగ బరువు ఎక్కువై ఉండవచ్చు. కొన్ని రోజులు బాగా పనిచేసి క్రమంగా నెమ్మదిస్తే మసి, దూది లేదా బ్యాటరీ కారణం కావచ్చు. నిన్నటి వరకు బాగుండి ఈ రోజు ఒక్కసారిగా మారితే ఎక్కడో స్క్రూ వదులైంది, లేదా మోడ్‌లో ఏదో సెట్టింగు మారింది.

ప్రతిసారీనా? ఒకసారి వెంటనే, మరొకసారి ఆలస్యంగా వేడెక్కుతుంటే తీగ బరువును అనుమానించనవసరం లేదు. బరువు ఒక్కోసారి ఒక్కోలా ఉండదు. వదులుగా ఉన్న సంధిని వెతకండి.

ఏది మారిస్తే మారుతోంది? ఇదే అటామైజర్‌ను వేరే మోడ్‌పై పెట్టి చూడండి, ఆ తరువాత బాగా పనిచేస్తున్న వేరే అటామైజర్‌ను ఈ మోడ్‌పై పెట్టి చూడండి. ఆలస్యం అటామైజర్ వెంట వెళ్తే 5వ మెట్టుకు వెళ్లండి. మోడ్ దగ్గరే ఉండిపోతే 3, 4 మెట్లు చూడండి.

మార్చి పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త తప్పనిసరి. అటామైజర్ అడుగునున్న మధ్య పిన్ దాని మరల అంచు కంటే స్పష్టంగా బయటికి పొడుచుకుని లేకపోతే దానిని హైబ్రిడ్ రకం మెకానికల్ మోడ్‌పై (సర్క్యూట్ లేకుండా, బ్యాటరీ నేరుగా అటామైజర్ పిన్‌ను తాకే రకం) ఎప్పుడూ పెట్టకూడదు. బ్యాటరీ ధన ధ్రువం నేరుగా మరల అంచును తాకి షార్ట్ అవుతుంది, బ్యాటరీ పేలే ప్రమాదం ఉంది.

## 3. బ్యాటరీ

పాతబడిన బ్యాటరీ చార్జర్‌పై 4.2 వోల్టులు చూపినా, బటన్ నొక్కి ఎక్కువ కరెంటు లాగగానే కుంగిపోతుంది. దాని అంతర్గత నిరోధం వయసుతో పెరుగుతుంది, చలికి కూడా తాత్కాలికంగా పెరుగుతుంది. కాబట్టి చల్లని గదిలో ఉదయం మొదటిసారి నొక్కినప్పుడు మాత్రమే ఆలస్యం కనిపిస్తే కాయిల్ విప్పకండి, బ్యాటరీని గది వేడికి రానిచ్చి మళ్లీ చూడండి.

ఒకే బ్యాటరీ ఉన్న రెగ్యులేటెడ్ మోడ్‌లో 60 వాట్లు పెట్టారనుకుందాం. నొక్కినప్పుడు బ్యాటరీ 3.4 వోల్టులకు దిగితే, మోడ్‌లో 10 శాతం నష్టం కలుపుకుని దాదాపు 20 ఆంపియర్లు లాగవలసి వస్తుంది. బ్యాటరీ నిరంతరంగా ఇవ్వగల హద్దు అంతకు తక్కువైతే మోడ్ తనంతట తానే వాట్లు తగ్గిస్తుంది, తెరపై మాత్రం పాత అంకె అలాగే ఉండవచ్చు. బ్యాటరీపై రాసిన పల్స్ హద్దును (కొద్ది క్షణాలకే వర్తించేది) కాకుండా నిరంతర హద్దునే లెక్కలోకి తీసుకోండి. రెండు బ్యాటరీలు పట్టే మోడ్‌లో రెండూ ఒకే రకం, ఒకే వయసు ఉండాలి, ఎప్పుడూ జంటగానే చార్జ్ చేయాలి.

## 4. మోడ్ సెట్టింగులు

ఇక్కడ మూడు చూస్తే చాలు.

మొదటిది, ప్రీహీట్ సెట్టింగు, అంటే బటన్ నొక్కిన తొలి క్షణాల్లో ఇచ్చే శక్తి. ‘సాఫ్ట్’లో ఉంటే మొదటి అర సెకను నుంచి ఒక సెకను వరకు మోడ్ కావాలనే తక్కువ శక్తి ఇస్తుంది. దానిని ‘నార్మల్’కు మార్చండి.

రెండవది, ఉష్ణోగ్రత నియంత్రణ. ఇందులో మోడ్ కాయిల్ నిరోధం ఎంత పెరిగిందో చూసి దాని వేడిని అంచనా వేస్తుంది. కాంతల్, నైక్రోమ్ తీగల నిరోధం వేడికి దాదాపు మారదు కాబట్టి వాటిని వాట్ల సెట్టింగులోనే వాడాలి. ఎస్ఎస్ 316ఎల్ (స్టెయిన్‌లెస్ స్టీల్) వంటి తీగను ఉష్ణోగ్రత నియంత్రణలో వాడేవారు చల్లటి నిరోధం, అంటే గది ఉష్ణోగ్రత వద్ద కాయిల్ నిరోధం, సరిగా నమోదైందో లేదో చూసుకోవాలి. నమోదైన విలువ అసలు దానికంటే తక్కువగా ఉంటే, కాయిల్ ఇంకా వేడెక్కకముందే మోడ్ అది వేడెక్కిందని భావించి శక్తిని కోసేస్తుంది. ఆ విలువను మోడ్‌లో లాక్ చేసిన తరువాత స్క్రూ కొద్దిగా వదులైనా ఇదే జరుగుతుంది. తెరపై ‘టెంప్ ప్రొటెక్టెడ్’ అని త్వరత్వరగా వస్తూ ఆవిరి పలుచగా ఉంటే అనుమానించవలసినది దీనినే. అటామైజర్‌ను గది ఉష్ణోగ్రతకు చల్లారనిచ్చి కొత్తగా నమోదు చేయండి.

మూడవది, మోడ్ సామర్థ్యం. 1.8 ఓమ్‌ల కాయిల్‌కు 40 వాట్లు ఇవ్వాలంటే దాదాపు 8.5 వోల్టులు కావాలి. చాలా చిన్న మోడ్‌లు అంత ఇవ్వలేవు. అలాగే 0.1 ఓమ్ కాయిల్‌కు 80 వాట్లు ఇవ్వాలంటే 28 ఆంపియర్లకు పైగా కావాలి. మోడ్ హద్దుకు బయట ఉన్న కాయిల్ కట్టుకుని మోడ్‌ను నిందించడం పరిపాటి.

## 5. దారిలో పోతున్న విద్యుత్తు: అసలు అనుమానితుడు

నేను చూసినంతలో, ఒక్కసారిగా నెమ్మదించిన కాయిల్‌లో లోపం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. బ్యాటరీ నుంచి కాయిల్ వరకు ప్రతి సంధి దగ్గరా కొంత నిరోధం ఉంటుంది. అది కాయిల్‌తో వరుసగా కలిసి కాయిల్‌కు రావలసిన వేడిలో వాటా తీసుకుంటుంది.

ఒక లెక్క చూడండి. మెకానికల్ మోడ్‌లో 4.0 వోల్టులు అందుతున్నాయి, కాయిల్ 0.15 ఓమ్. సంధులన్నీ శుభ్రంగా ఉంటే కాయిల్‌కు దాదాపు 107 వాట్లు అందుతాయి. ఎక్కడో మురికి వల్ల 0.03 ఓమ్ అదనంగా చేరితే కాయిల్‌కు దక్కేది 74 వాట్లే. మరో 15 వాట్లు ఆ మురికి సంధిలోనే వేడిగా మారిపోతాయి. అదే 0.03 ఓమ్ మురికి 1.0 ఓమ్ కాయిల్ దారిలో ఉంటే 16 వాట్లు 15కు తగ్గుతాయి, నాలుకకు ఆ తేడా తెలియదు. తక్కువ నిరోధపు కాయిల్ కట్టేవారు సంధుల శుభ్రతలో అంత పట్టుదలగా ఉండవలసి రావడానికి కారణం ఇదే.

రెగ్యులేటెడ్ మోడ్ దీనిని సరిదిద్దలేదు. అది మొత్తం నిరోధాన్నే చూస్తుంది. 60 వాట్లు పెట్టినప్పుడు 0.15 ఓమ్ కాయిల్‌కు, 0.03 ఓమ్ సంధికి కలిపే ఆ 60 ఇస్తుంది, కాయిల్ వాటా 50.

వెతకవలసిన క్రమం ఇది:

1. నిరోధం చదవండి. కాయిల్ కట్టిన రోజు వచ్చిన విలువతో, లేదా తీగ పొడవును బట్టి లెక్కించిన విలువతో పోల్చండి. అంకె 0.02 ఓమ్ కంటే ఎక్కువ పెరిగితే, లేదా అటామైజర్‌ను వేలితో అటూ ఇటూ కదిపినప్పుడు అంకె మారితే సంధి లోపం ఖాయం.

2. 510 మరలు (అటామైజర్‌ను మోడ్‌కు బిగించేవి), మధ్య పిన్. ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో మోడ్ వైపు, అటామైజర్ వైపు రెండూ తుడవండి. పుల్ల నల్లగా వస్తే అది తెల్లగా వచ్చేవరకు పుల్లలు మారుస్తూ ఉండండి. మధ్య పిన్ స్క్రూ రకమైతే అది వదులు కాలేదని చూసుకోండి. దానిపైనే ధన పోస్ట్ (కాయిల్ కొసను స్క్రూతో బిగించే స్తంభం) నిలబడి ఉంటుంది కాబట్టి ఆ పిన్ వదులైతే పోస్ట్ కూడా కదులుతుంది.

3. పోస్ట్ స్క్రూలు. వేడి, చల్లదనం మారి మారి రావడంతో తీగ కొద్దిగా అణిగి బిగింపు సడలుతుంది. మొదటి పల్స్ పరీక్ష (6వ మెట్టు) తరువాత ఒకసారి, మరుసటి రోజు ఒకసారి బిగించడం మంచి అలవాటు. బలమంతా ఉపయోగించకండి. సన్నని తీగ స్క్రూ కింద తెగుతుంది, స్క్రూ తల కూడా అరిగిపోతుంది. తల అరిగిన స్క్రూను ఆ రోజే మార్చండి.

4. స్క్రూ కింది తీగ. కాయిల్ విప్పి, స్క్రూ కింద ఉన్న తీగ కొసను వెలుతురులో పరిశీలించండి. ఆ అర సెంటీమీటరు చాలా చెబుతుంది. బాగా బిగిసిన కొస చదునుగా అణిగి లోహపు మెరుపుతో ఉంటుంది. గుండ్రంగానే ఉండి, గోధుమ రంగు జిగురు పట్టి ఉంటే అక్కడ స్క్రూ తీగను నిజంగా పట్టుకోలేదని అర్థం. కొస కత్తిరించి, పోస్ట్ రంధ్రం తుడిచి, కొత్త భాగాన్ని బిగించండి.

5. మెకానికల్ మోడ్ బటన్. కొద్దిసేపు వాడాక బటన్ లేదా గొట్టం అడుగు భాగం వేడిగా తగిలితే నష్టం అక్కడే జరుగుతోంది. వెంటనే ఆపి, బ్యాటరీ తీసి, తాకే తలాలను, మరలను శుభ్రం చేయండి.

6. ఇన్సులేటర్. ధన పోస్ట్ చుట్టూ ఉన్న వలయం కరిగినా, పగిలినా మరమ్మతు చేయవద్దు, మార్చండి.

## 6. దూది లేకుండా పల్స్ పరీక్ష

సంధులు సరిగా ఉన్నాయని తేలాక, దూది పూర్తిగా తీసివేసి కాయిల్ వెలిగే తీరు చూడాలి. సాధారణ తీగకు 15 వాట్లు, బరువైన క్లాప్టన్ (తీగపై మరో సన్నని తీగ చుట్టిన) కాయిల్‌కు 30 వాట్ల వరకు పెట్టి, ఒక్కో సెకను చొప్పున నొక్కి వదలండి. గదిలో వెలుతురు తక్కువగా ఉంటే మొదటి ఎర్రదనం స్పష్టంగా కనిపిస్తుంది.

టైటానియం తీగను ఈ పద్ధతిలో ఎర్రబడేలా ఎప్పుడూ కాల్చకూడదు. నికెల్ తీగకూ ఈ పరీక్ష వద్దు. ఎస్ఎస్ 316ఎల్ అయితే ఎరుపు లీలగా కనిపించగానే ఆపండి.

సరైన కాయిల్ మధ్య చుట్ల దగ్గర ముందు ఎర్రబడి, ఆ ఎరుపు రెండు వైపులకూ సమంగా పాకుతుంది. అలా కాకపోతే కనిపించేవి, వాటి అర్థాలు ఇవి:

కొసలు ముందు వెలుగుతున్నాయి. స్క్రూ దగ్గర తీగ ముందుగా ఎర్రబడితే అక్కడ పట్టు చాలలేదు. 5వ మెట్టులోని నాలుగవ పని మళ్లీ చేయండి.

ఒక చుట్టు మిగతావాటికంటే ప్రకాశంగా ఉంది. చుట్లు అసమానంగా తాకుతున్నాయి. మోడ్ ఆపి, సెరామిక్ ట్వీజర్ కొసతో చుట్లపై మృదువుగా గీరండి, తరువాత కాయిల్‌ను రెండు వైపుల నుంచి మెల్లగా నొక్కి సర్దండి. మళ్లీ ఒక పల్స్ ఇవ్వండి. మూడు నాలుగుసార్లకు సమం కాకపోతే ఆ కాయిల్‌ను వదిలి కొత్తది చుట్టడమే మేలు.

రెండు కాయిల్‌లలో ఒకటి ఆలస్యంగా వెలుగుతోంది. రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి నిరోధం తక్కువ ఉన్నదే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. చుట్లు, లోపలి వ్యాసం, కొసల పొడవు మూడూ ఒకటేనా అని సరిచూడండి. ఒక కాయిల్ కొస 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉన్నా తేడా కంటికి కనిపిస్తుంది. అన్నీ సమంగా ఉంటే ఆలస్యంగా వెలిగే కాయిల్ స్క్రూనే మళ్లీ పట్టించుకోండి.

ఒక వైపు చివర ఎప్పుడూ చీకటిగానే ఉంటోంది. కాయిల్ పోస్ట్‌కు లేదా డెక్ గోడకు మరీ దగ్గరగా ఉంటే అక్కడి వేడిని ఆ లోహం లాగేసుకుంటుంది. కాయిల్‌ను పైకి, మధ్యకు జరపండి. తాకితే మాత్రం షార్ట్ అవుతుంది, నొక్కడం ఆపండి.

అంతా సమంగానే వెలుగుతోంది, అయినా నెమ్మదిగా. కరెంటు దారిలో తప్పు లేదు. ఇక చూడవలసినవి దూది, తీగ బరువు.

## 7. దూది, ద్రవం, మసి

మరీ తడిసిన కాయిల్ నెమ్మదిగా పనిచేస్తున్నట్లు అనిపిస్తుంది. అక్కడ శక్తి అంతా చుట్టూ నిలిచిన ద్రవాన్ని వేడి చేయడానికే ఖర్చవుతుంది. గుడగుడ శబ్దం, నోటిలోకి చిమ్మే చుక్కలు దానికి గుర్తులు. అటామైజర్‌ను తలకిందులు చేసి గుడ్డలోకి విదిలించి, గాలి రంధ్రాలు తుడిచి, మళ్లీ చూడండి. నొక్కీ నొక్కకముందే గాలి పీల్చడం మొదలుపెడితే చల్లగాలి కాయిల్‌ను అదే సమయంలో చల్లబరుస్తుందని కూడా గుర్తుంచుకోండి.

దూది కాయిల్ గుండా లాగినప్పుడు కొద్దిపాటి ఒరిపిడితో జారాలి. కాయిల్ వంగేంత బిగువుగా ఉంటే ఎక్కువైంది. డెక్‌లోకి దిగే తోకలను కొద్దిగా పలుచన చేయండి.

క్రమంగా నెమ్మదించిన కాయిల్‌లో చాలావరకు దోషి మసి. తీపి ఎక్కువగా ఉన్న ద్రవాలు తీగపై నల్లని పెంకు కడతాయి. వేడి ఆ పెంకు దాటి ద్రవానికి చేరాలి. దూది తీసి, తక్కువ శక్తితో చిన్న పల్స్‌లు ఇచ్చి పెంకును బూడిద చేయండి, పూర్తిగా చల్లారాక మెత్తటి బ్రష్‌తో రాల్చి, నీటితో కడిగి ఆరబెట్టండి. ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లలో ముంచకండి. ఇలా రెండు మూడుసార్లు శుభ్రం చేసిన కాయిల్‌ను ఇంకా సాగదీయడం నా దృష్టిలో పొదుపు కాదు.

## 8. తీగ బరువు: తిరిగి చుట్టవలసి వస్తే

కాయిల్ మొదటి నుంచీ నెమ్మదిగా ఉండి, పై పరీక్షలన్నీ దాటితే మిగిలింది లోహం పరిమాణమే.

కాంతల్ ఎ1 తీగ, లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు, 6 చుట్లు, కొసలతో కలిపి. 24 గేజి తీగతో (మందం 0.51 మి.మీ.) చుడితే నిరోధం దాదాపు 0.54 ఓమ్, లోహాన్ని 200 డిగ్రీలు వేడెక్కించడానికి 10 జౌళ్లు కావాలి. 28 గేజితో (0.32 మి.మీ.) చుడితే నిరోధం దాదాపు 1.3 ఓమ్, కావలసింది 4 జౌళ్ల లోపే. అంటే 25 వాట్ల వద్ద మొదటిదానికి 0.4 సెకను, రెండవదానికి 0.15 సెకను. ఇది పొడి లోహం లెక్క, దూదిలోని ద్రవం వల్ల అసలు సమయం ఇంతకంటే ఎక్కువే అవుతుంది. అయితే 28 గేజి తీగ ఉపరితలం తక్కువ, 25 వాట్లను అది ఎక్కువసేపు భరించలేదు. వేగానికి, ఆవిరి పరిమాణానికి మధ్య బేరం ఇక్కడే ఉంది.

క్లాప్టన్ విషయంలో చాలామంది ఊహించనిది ఒకటుంది. 26 గేజి తీగపై 36 గేజి తీగను దగ్గరదగ్గరగా చుడితే, ఆ పై చుట్టు బరువు లోపలి తీగ బరువును మించిపోతుంది, మొత్తం బరువు ఒంటి తీగకు 2.3 రెట్లవుతుంది. కరెంటు మాత్రం ప్రధానంగా లోపలి తీగలోనే ప్రవహిస్తుంది. కాబట్టి వేగం కావాలంటే మొదట వదులుకోవలసినది పై చుట్టు.

నైక్రోమ్ 80 త్వరగా వేడెక్కుతుందన్న మాటలో సగమే నిజం. అదే మందం, అదే పొడవు తీగలో నైక్రోమ్ సాంద్రత ఎక్కువ కావడం వల్ల వేడెక్కించడానికి కాంతల్ కంటే కొంచెం ఎక్కువ శక్తే కావాలి. కానీ దాని నిరోధం దాదాపు నాలుగో వంతు తక్కువ. వోల్టేజి స్థిరంగా ఉండే మెకానికల్ మోడ్‌లో అందువల్ల ఎక్కువ వాట్లు వచ్చి అది చురుగ్గా అనిపిస్తుంది. వాట్లు మీరే నిర్ణయించే రెగ్యులేటెడ్ మోడ్‌లో తీగ మార్చినంత మాత్రాన ఆ లాభం రాదు.

తగ్గించవలసిన క్రమం:

- ముందు ఒకటి రెండు చుట్లు తగ్గించండి.
- సరిపోకపోతే పై చుట్టు లేని తీగకు, లేదా ఒక మెట్టు సన్నని గేజికి మారండి.
- ఆ తరువాతే రెండు కాయిల్‌ల నుంచి ఒకదానికి రావడం గురించి ఆలోచించండి.

చుట్లు తగ్గితే నిరోధం కూడా తగ్గుతుంది. మెకానికల్ మోడ్ వాడేవారు కొత్త విలువతో 4.2 వోల్టుల వద్ద కరెంటు ఎంతో లెక్కించి, అది బ్యాటరీ నిరంతర హద్దుకు లోపల ఉందని నిర్ధారించుకున్నాకే బటన్ నొక్కాలి. 0.5 ఓమ్‌కు 8.4 ఆంపియర్లు, 0.15 ఓమ్‌కు 28 ఆంపియర్లు. రెండవ అంకెను చాలా బ్యాటరీలు నిరంతరంగా భరించలేవు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

- దూది, తీగ, సెట్టింగు మూడూ ఒకేసారి మార్చడం. సమస్య పోయినా ఏది పనిచేసిందో తెలియదు.
- కొత్త కాయిల్ కట్టిన రోజు నిరోధం రాసిపెట్టుకోకపోవడం.
- వేడిగా ఉన్న అటామైజర్‌ను మోడ్‌కు బిగించి చల్లటి నిరోధంగా నమోదు చేయడం.
- దూది ఉండగానే పల్స్ పరీక్ష చేయడం.
- మరలకు నూనె లేదా జిడ్డు రాయడం.

## 10. చివరగా వాట్లు

పై మెట్లన్నీ దాటి, కాయిల్ బరువు మీరు కోరి ఎంచుకున్నదే అయితే ఇప్పుడు శక్తి పెంచవచ్చు. నొక్కినంతసేపూ ఉండే వాట్లను పెంచే ముందు ప్రీహీట్‌ను వాడండి: మామూలు శక్తికి 10 నుంచి 20 శాతం ఎక్కువ, అర సెకను పాటు. బరువైన కాయిల్‌కు కావలసిన తొలి ఊపు దీనితో వస్తుంది, ఆ తరువాత దూది మాడదు.

ప్రీహీట్ లేని మోడ్ అయితే 5 వాట్ల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా నాలుగైదుసార్లు వాడి చూడండి. గొంతులో పొడిదనం గానీ, కాలిన దారం రుచి గానీ తగిలితే దూది ద్రవాన్ని అందించే వేగాన్ని శక్తి మించిపోయింది. అక్కడి నుంచి 5 వాట్లు వెనక్కి తగ్గించి, ఆ కాయిల్‌కు దానినే పై హద్దుగా ఉంచండి. ఒకసారి మాడిన దూది రుచి పోదు, మార్చవలసిందే.